ముందు టాకాలు

"ముట్టుకుంటేనే మూలుగుతోందేమిటే నీ షెల్ఫు?" అంది అమ్మ, దాన్ని ఒక్క వేలితో తోసి.

ఉద్యోగంలో చేరాక నేను అద్దెకు తీసుకున్న గది అది. ఒంటరిగా నెట్టుకురాగలనో లేదో చూసి, లేకపోతే పిన్ని ఇంట్లో దింపి వెళ్లాలని అమ్మ వచ్చింది. విడి చెక్కలుగా పెట్టెలో వచ్చిన పుస్తకాల షెల్ఫును పొద్దున్నే నేనే బిగించాను. అది అటూ ఇటూ ఊగుతోంది.

"నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనమ్మా. నేను కాగితంలో ఉన్నట్టే చేశాను. ఒక్కో స్క్రూ చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాను."

"నేలకి నోరు లేదని దాని మీదకి తోసేస్తున్నావా? డిగ్రీలో బిగించడం ఒక్కటే నేర్పారా?"

అమ్మ బట్టలు కుడుతుంది. సంచిలోంచి టేపు తీసి షెల్ఫును మూల నుంచి మూలకు రెండువైపులా కొలిచింది. రెండు వేళ్ల తేడా వచ్చింది.

"ఐమూలగా లాగేసింది. ముందు వదులుగా టాకాలు వేసుకోవాలే, ఆ తర్వాతే గట్టి కుట్టు. స్క్రూలన్నీ వదులు చెయ్యి."

చేశాను. రెండు కొలతలూ సమానమయ్యేదాకా తోసి, అమ్మ అలాగే పట్టుకుంది. నేను ఒక్కొక్కటే బిగించాను. షెల్ఫు కదల్లేదు.

నాకే మొహం చెల్లలేదు. "బట్టలు సర్దుకోనా? పిన్ని ఎదురుచూస్తుంటుంది."

"నేను కుట్టిన మొదటి చొక్కాకి రెండూ ఎడమ చేతులే," అంది అమ్మ, టేపు చుట్టుకుంటూ. "మీ అమ్మమ్మ వారం రోజులు నవ్వింది. మిషను ముందు నుంచి మాత్రం లేవమనలేదు."