సాంచాల భాష

మొదటి సెట్టు ఆరు–ఒకటితో చేజారేసరికి రజిత గెలుపు మీద ఆశ వదులుకుంది. ఓడినందుకు కాదు, నెట్టు అవతల కళ్యాణి ముఖం చూసి. అరగంటగా ఎండలో పరుగులు పెడుతున్న మనిషి ముఖంలో నాలుగు చెమట చుక్కలు తప్ప ఇంకేమీ లేదు. పాయింటు వచ్చినా అదే ముఖం, పోయినా అదే ముఖం. దేశంలో మూడో ర్యాంకు. పేపర్లవాళ్లు ఊరికే నిండు కుండ అని రాయరు కదా.

సిరిసిల్లలో కొత్తగా కట్టిన టెన్నిస్ కోర్టులో జరుగుతున్న ఫైనల్ అది. గెలిస్తే రజితకు రాష్ట్ర జట్టులో చోటు. ఓడితే సోమవారం నుంచి కోరుట్లలో బట్టల దుకాణంలో చీరలు మడత పెట్టాలి. ఇంట్లో అందరూ కూర్చుని ఖాయం చేసిన మాటే. గీ ఒక్కపారి ఆడనియ్యుండ్రి అని పట్టుబట్టింది తల్లి ఐలమ్మ ఒక్కతే.

రెండో సెట్టులోనూ మూడు గేములు వరసగా పోయాయి. కోపం పట్టలేక రజిత బంతిని కంచె మీదికి విసిరికొట్టింది, అంపైరు హెచ్చరించాడు. కళ్యాణి మాత్రం టోపీ సర్దుకుని, చిన్నగా నవ్వి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఆ నవ్వే కొంప ముంచుతోంది.

రజిత తువ్వాలు ముఖాన కప్పుకోబోతుండగా ఎదురుగా మెట్ల మీద తల్లి కనిపించింది. మగ్గాల షెడ్డులో పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా ఉరికొచ్చినట్టుంది, జుట్టు నిండా దూది. ఎదురుగా అంత పెద్ద బోర్డు పెట్టుకుని, స్కోరు ఎంతని పక్కామెను అడుగుతోంది. అమ్మ ముఖంలో ఏదో వెలితి ఉన్నట్టు తోచింది గానీ, రజితకు తన బాధే తనకు ఎక్కువగా ఉంది.

సాంచాల సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. షెడ్డులో నలభై సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారి నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకే అక్కడివాళ్లు నోటితో మాట్లాడతారు గానీ గొంతుతో మాట్లాడరు. పెదాలు కదిలిస్తే చాలు, పది సాంచాల అవతలి మనిషికి అందుతుంది. పోగు తెగిన కబురైనా, పెళ్లి సంబంధం తెగిన కబురైనా అలా తిరగాల్సిందే. ఐలమ్మ ఆ విద్యలో దిట్ట. ఆమె ఎదుట తమలో తాము గొణుక్కోవడానికి కూడా జనం జంకుతారు. రజితకూ అది ఉగ్గుపాలతోనే అబ్బింది.

ఇప్పుడు ఐలమ్మ పెదాలు కదిలాయి.

"బిడ్డా, గా పిల్ల తనల తాను ఏందో అనుకుంటున్నది. నేను పెదాలు జూసి పట్టిన."

రజిత తువ్వాలు దించింది.

"చేతులు వణుకుతున్నయంటున్నది. గీ పొద్దు నా ఇజ్జత్ పోతదేమో అంటున్నది. నిన్ను జూస్తెనే భయమైతున్నదట."

నిజమేనా అని రజిత కూడా పెదాలతోనే అడిగింది. ఐలమ్మ దానికి జవాబివ్వలేదు. ఆ మాటలే మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అమ్మ ఒక మాట రెండుసార్లు చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు. బయటివాళ్లు మాటసాయం చేస్తున్నారేమోనని అంపైరు అటే చూస్తున్నాడు గానీ, చప్పుడు లేని మాటను ఆయన మాత్రం ఏం పట్టుకోగలడు?

రజిత లేచి కోర్టులోకి నడిచింది. కళ్యాణి ముఖం మారలేదు, మారింది రజిత చూపే. ఆ నవ్వు వెనక వణికే చేతులు కనిపించసాగాయి. పాపం అని కూడా అనిపించింది. జాలి పుట్టిన చోట భయం ఎంతసేపు నిలుస్తుంది? కొట్టిన సర్వీసు గీత మీద పడింది. తర్వాతదీ అక్కడే పడింది. పాయింటు పోయినప్పుడు రజిత టోపీ సర్దుకుని చిన్నగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎవరిదో కళ్యాణికి బాగా తెలుసు. తనకేసి నవ్వితే అది ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ఎన్నడూ సర్వీసు తప్పని కళ్యాణి వరసగా రెండు తప్పింది. మూడో సెట్టుకు వచ్చేసరికి కుండ తొణికింది. ఆమె రాకెట్టును నేలకేసి కొడితే మెట్ల మీది జనం నోళ్లు తెరిచారు. ఆరు–నాలుగు, ఆరు–మూడు. రజిత గెలిచింది.

నెట్టు దగ్గర చేతులు కలిపారు. కళ్యాణి చేయి మంచులా చల్లగా ఉంది.

"ఇందాక ఏడవడం ఒక్కటే తక్కువ నీకు. ఉన్నట్టుండి అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది?"

సంతోషంలో రజిత ఉన్నది దాచలేకపోయింది. "మా అమ్మ నీ పెదాలు జూసి చెప్పిందక్కా. చేతులు వణుకుతున్నయని, భయమైతున్నదని నువ్వు అనుకున్నవు గద."

కళ్యాణి ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ప్రతి మ్యాచ్‌లోనూ అనుకుంటాను. కానీ మనసులోనే. పెదవి కదలకుండా ఉండటమే నాకు నాలుగేళ్లు నేర్పించారు. మీ అమ్మ ఎలా కనిపెట్టింది?"

రజిత మెట్ల వైపు తిరిగి చూసింది. కప్పు చేతికి రాగానే మెట్ల దగ్గరికి పరుగెత్తింది. బిడ్డ బాగా దగ్గరికి వచ్చేదాకా ఐలమ్మ కళ్లు చికిలించి చూసింది. గుర్తుపట్టాక దగ్గరికి తీసుకుని తల నిమిరింది, కళ్ల నీళ్లు కొంగుతో ఒత్తుకుంది.

"అమ్మా, ఆమె పెదవే కదపలేదట. మరి నువ్వేం జూసినవే?"

ఐలమ్మ చుట్టూ ఒకసారి చూసుకుంది. తర్వాత షెడ్డులో మాట్లాడినట్టే, గొంతు లేకుండా పెదాలు కదిపింది.

"కండ్లద్దాలు షెడ్డులనే మరిచొచ్చిన బిడ్డా. గది సరేగని, గా పిల్ల మస్తు సక్కగుంటదంటుండ్రు అందరు, ఎట్లుంటది?"