మెడలో లేని స్కార్ఫు

కొత్త పద్ధతి పెట్టిన పెద్దలు గైడ్స్ పిల్లల మెడలో స్కార్ఫు తీసేసి, చొక్కా మీద దాని బొమ్మ వేయించారు. పిల్లలు వర్చువల్ రియాలిటీ కళ్ళజోళ్ళు పెట్టుకుని, బడి వరండాలోనే అడవులన్నీ తిరిగేసి, ప్రథమ చికిత్స బ్యాడ్జీలు కూడా కొట్టేశారు.

ఆ రోజు లేని కొండ ఎక్కుతూ ధాత్రి, నిజంగా ఉన్న వరండా మెట్టు మీంచి జారింది. మోకాలు చీరుకుని రక్తం ధార కట్టింది. మిగతా పదిహేడుమందీ బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడ్డారు.

"కట్టు కట్టండే!" అని అరిచింది కెప్టెన్ విజయరాణి.

"పాఠం తెరుచుకోవట్లేదు మేడం," అంది ఒకమ్మాయి కళ్ళజోడు నొక్కుకుంటూ.

విజయరాణి సంచిలో దాచుకున్న పాత స్కార్ఫు తీసి తనే బిగించి కట్టింది. రక్తం ఆగింది. ఒక్కతైనా ఆ ముడి నేర్పమంటుందేమోనని ఆశగా చూసింది.

"మేడం, విప్పి మళ్ళీ కట్టరా? కళ్ళజోడు ఊడిపోయింది, రికార్డవలేదు," అంది ధాత్రి.