అడ్డంగా తిప్పి చూడు

"అమ్మాయ్, ఆ ఫోను ఒక్కసారి అడ్డంగా తిప్పి చూడు."

సూదిలోకి మందు ఎక్కిస్తున్న కొత్త నర్సు ఉలిక్కిపడింది.

వార్డు గుమ్మంలో చేతిసంచీతో ఆ యాభయ్యేళ్ళావిడ. ఈ వారంలో ఇది నాలుగోసారి.

"మళ్ళీ మీరేనా? మీవాళ్ళెవరున్నారిక్కడ?"

"ఎవరూ లేరు. నిలువుగా పట్టుకుంటే ఆ తెర మాట చివర మింగేస్తుంది తల్లీ."

స్టూలెక్కి గోడ మీద వైఫై డబ్బా బిగిస్తున్న ఇంజనీరు పకపకా నవ్వాడు.

"వచ్చిందండీ అడ్డం అత్తయ్య!"

ఆ ఆస్పత్రిలో కాగితాలు పోయి ఏడాదయింది. ఎవరికి జ్వరం పెరిగితే ఏ సూది ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో డాక్టర్లు సర్వర్లోనే రాసి పెడతారు. నర్సుల చేతిలో ఫోను దాన్ని తెచ్చి చూపిస్తుంది.

"సర్వర్లో అంతా సరిగ్గానే ఉంది. విచారణ వేసి మరీ తేల్చారు" అన్నాడు ఇంజనీరు.

"కుండలో ఉంటే కంచంలోకి వచ్చినట్టేనా నాయనా?"

కొత్త నర్సుకి ఒళ్ళు మండింది. ఆరో మంచం ఆవిడ జ్వరంతో మూలుగుతోంది. ఆలస్యమైతే మాట పడేది తను.

"వాచ్‌మన్! అడ్డమైనవాళ్ళనీ లోపలికి వదిలేస్తావా?"

ఆ మాటకి ఆవిడ మొహం పాలిపోయింది.

వాచ్‌మన్ తల వంచుకుని వచ్చాడు. ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. సంచీ మాత్రం తనే అందుకుని, "పదండమ్మా" అన్నాడు.

నర్సు ఫోను చూసింది. పొడుగాటి మందు పేరు, ఆ చివర 'ఇవ్వ'.

ఇవ్వవచ్చు. రోజూ చూసేదే.

రోగి చెయ్యి దూదితో తుడిచింది.

'తిప్పితే నా సొమ్మేం పోయింది, పీడా విరగడవుతుంది' అనుకుంటూ విసుగ్గా ఫోను అడ్డంగా తిప్పింది.

'ఇవ్వకూడదు.'

సూది ట్రేలో పడింది.

ఇంజనీరు స్టూలు దిగి వచ్చాడు. నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, మళ్ళీ నిలువుగా చూశాడు.

"పెద్ద తెర కోసం కట్టిన పేజీ... సర్వర్లో మాత్రం..."



కొత్త నర్సు గేటు దగ్గరున్న వాచ్‌మన్ దాకా పరుగెత్తింది.

"ఏదీ ఆవిడ?"

"బస్సెక్కేసింది. ఇక రానంది."

"ఎవరసలావిడ? ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే ఎందుకు రానిచ్చావని మీరంతా అడుగుతారు, నా ఉద్యోగం పోతుందని చెప్పలేదు సిస్టర్. ఆవిణ్ణి గేటు దాటనివ్వద్దని నాకు ఆర్డరు."

"ఎందుకూ?"

వాచ్‌మన్ గొంతు లేచింది.

"ఎందుకా? నాలుగు నెలల కిందట ఆవిడ ఆ సగం మాట నమ్మి ఒక రోగికి సూది వేసింది. ఆ రోగి పోయింది. ఫోనులో చూడండి బాబూ అని ఎంత మొత్తుకున్నా విన్నారా? విచారణకొచ్చిన పెద్దలంతా ఆఫీసులో పెద్ద తెర ముందు కూర్చుని, 'ఇంత స్పష్టంగా ఉంటే కళ్ళు కనపడలేదా' అన్నారు. ఒక్కడు! ఒక్కడు ఆ ఫోను చేత్తో పట్టుకుంటేనా!"

కొత్త నర్సు తన చేతిలోని ఫోను వంక చూసింది.

"ఇరవై రెండేళ్ళు ఆ వార్డు ఆవిడదే సిస్టర్" అన్నాడు వాచ్‌మన్, "ఆవిణ్ణి తీసేసిన ఖాళీలోనే మిమ్మల్ని వేసుకున్నారు."