అచ్చులో అమ్మాయి

"వదిననే చెక్కావుగా!" చెక్కపలక మీది బొమ్మ చూసి చెల్లెలు మూతి ముడిచింది. అందులో ఒకమ్మాయి తల వంచుకుని, ముఖం కనబడకుండా ఏదో రాసుకుంటోంది.

"వదినని నీకెవరు చెప్పారే?" అన్నాడు అన్నయ్య.

"కుడిచేత్తో రాస్తోందిగా! పెళ్ళయ్యాక నేను నీ కంటికి ఆనట్లేదులే."

వదిన రోలరుకి నల్లరంగు పట్టించి ఇచ్చింది. అన్నయ్య దాన్ని పలకంతా దొర్లించి, పైన కాగితం పరిచి, గరిటె వీపుతో గట్టిగా రుద్దాడు.

"నువ్వే తియ్యవే, కుళ్ళుబోతు!"

చెల్లెలు కాగితం మెల్లగా ఎత్తింది. అచ్చులో బొమ్మ అటుదిటు అయింది. ఆ పిల్ల ఎడమచేత్తో రాసుకుంటోంది. ఇంట్లో ఎడమచేతి వాటం తనొక్కదానిదే.

సంబరంగా వెనక్కి తిరిగింది. "మరి నీ బొమ్మేది వదినా?"

"పెళ్ళయినప్పట్నించీ అడుగుతూనే ఉన్నా," అంది వదిన, రోలరు తుడుస్తూ.