రొట్టెల కొట్టు ముందు లైను

ఇంగ్లండులో ఇప్పుడు ప్రతి కొట్టు గుమ్మానికీ ఒక యంత్రం కాపలా ఉంది. చెయ్యి తాకిస్తే చాలు, ఒంట్లో పాత ఇంగ్లీషు రక్తం ఎంతుందో చెప్పేస్తుంది. ఎక్కువున్నవాళ్ళకే ముందు రొట్టె.

"నూకరత్నం గారూ, పక్కకు జరగండి. మీ వెనకున్న ఎడ్విన్ గారిది తొంభై శాతం," అంది యంత్రం.

నూకరత్నం సంచీ కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుంది.

"జరగనండి! చలిలో అందరికంటే ముందొచ్చి నించున్నాను. ఆళ్ళ తాతలు మాత్రం ఈ మట్టిలో మొలిచారా? పడవలెక్కి వచ్చినోళ్ళేగా! లైను తప్పకూడదని నాకు నేర్పింది కూడా ఆళ్ళే."

యంత్రం గొంతు పెంచింది. "ఎడ్విన్ గారూ, మీరు అసలైన ఇంగ్లీషువారు. ముందుకు రండి."

ముసలాయన టోపీ సర్దుకుని, ఆమె వెనకే కాళ్ళు నిలదొక్కుకున్నాడు.

"అందుకే రాను," అన్నాడు.