రెండు ముక్కల బాణం

నీళ్ల ట్యాంకుకి రంగేస్తున్న మనిషి పైనే ఇరుక్కుపోయాడు. ఇనప నిచ్చెన ఊడి కిందపడింది. ఇప్పుడతను సన్నటి సిమెంటు అంచు మీద, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ అంచేమో పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

క్యారేజీ తెచ్చిన భార్య కింద నుంచి అది చూసింది. క్యారేజీ ఎక్కడ పడేసిందో ఆవిడకే తెలీదు.

"ఫైరింజను వాగు అవతల ఆగిపోయిందట. నీళ్లు తగ్గితే గానీ రాదు," అన్నాడు వాచ్‌మన్.

"అప్పటిదాకా ఆ అంచు ఆగుతుందా?" అంది ఆవిడ.



ఆవిడ పరుగున వెళ్లి వాళ్ల స్కూటర్‌కి తగిలించిన సంచి తెచ్చింది. అందులో విల్లు, బాణాలు. అన్నీ విప్పి పెట్టుకునేవే. బాణమంటే రెండు ముక్కలు. ముందు ముక్కకున్న ఇత్తడి గొట్టంలో వెనక ముక్క దూర్చి తిప్పితే బిగుస్తుంది. దేని జత దానిదే. జత మారిందా, గాల్లోనే ఊడిపోతుంది. అందుకే జతకో రంగు దారం చుట్టి ఉంటుంది.

"అన్నా, నీ దగ్గర నైలాను దారం ఉందా?" అని అక్కడ పని చేయిస్తున్న మేస్త్రిని అడిగింది. "బాణానికి కట్టి పైకి పంపుదాం. ఆయన దాంతో తాడు లాక్కుంటాడు."

"అతనికే తగిలితేనో?"

ఆవిడ ములుకు పీకేసి, గుడ్డపీలిక చుట్టింది.

"విలుకాళ్ల ఇల్లయ్యా వాళ్లది. ఆవిడకి నువ్వు చెప్పాలా?" అని వాచ్‌మన్ కసిరాడు.

సంచిలో ఉన్నవి రెండే జతలు. ముందు ఎర్రదారందాన్ని బిగించి, నైలాను దారం కట్టి వదిలింది. నారి ఎడమ ముంజేతిని చెళ్లున కొట్టింది. బాణం ట్యాంకు స్తంభానికి తగిలి పుటుక్కున విరిగింది.

"కంగారులో చేతికి పట్టీ కట్టుకోలేదు పాపం," అన్నాడు వాచ్‌మన్.

పైన భర్త ఏదో అరుస్తున్నాడు. గాలి హోరులో ఒక్క ముక్కా వినబడలేదు. మోచెయ్యి పైకెత్తి చూపిస్తున్నాడు. గుప్పిట గడ్డానికి ఆనిస్తున్నాడు. మళ్లీ అదే, మళ్లీ అదే.

"వద్దంటున్నాడమ్మా! హడలి చస్తున్నాడు, ఆపు!" అన్నాడు మేస్త్రి.

ఆవిడ వినిపించుకోలేదు. భర్త మీంచి చూపు తిప్పలేదు.

ఇంతలో అంచు ముక్క ఒకటి ఫెళ్లున ఊడింది. అతని ఒక కాలు గాల్లో వేలాడింది. అందరూ హాహాకారాలు చేశారు.

ఆవిడ పచ్చదారం జత బిగించి, నైలాను దారం దీనికి కట్టింది. మోచెయ్యి ఎత్తింది. గుప్పిట గడ్డానికి ఆనించింది. వదిలింది.

నైలాను దారం సరిగ్గా అతని భుజం మీద పడింది.

దారం వెంట తాడు వెళ్లింది. తాడుని పైపుకి కట్టి అతను జారుతూ దిగాడు. అరచేతులు కొట్టుకుపోయాయి. ఆవిడ అతని గుండెల మీద రెండు గుద్దులు గుద్ది, బావురుమంది.

"గురంటే ఇదీ! ఎన్నేళ్ల అలవాటమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

భర్త ఆవిడ కమిలిన ముంజేతిని నిమురుతూ, "బాణాలు చేసేది తను, వేసేది నేను, విల్లు పట్టడం తనకిదే మొదటిసారి," అన్నాడు.