సీసం తాగిన చామంతి

చామంతి అలాంటిలాంటి ఆవు కాదు. సినిమా పోస్టర్లను మైదాతో సహా నమిలేసి, తెల్లారేసరికి ఊరంతా ఈదులాడేటన్ని పాలిచ్చేది. ఒకనాడు తొట్టిలో బావి నీళ్లు తాగుతుంటే, మూటాముల్లె సర్దుకుని బావి వదిలి పోతున్న కప్ప ఆగింది.

"అక్కా, ఆ నీళ్లు తాగకు. పక్క షెడ్డులో పాత బ్యాటరీలు కరిగిస్తున్నారు. సీసమంతా బావిలోకి దిగుతోంది."

"పోవోయ్, పిరికి కప్పా! నా కడుపులో రాయి పడినా పాలుగా మారాల్సిందే."

"నేనూ అదే అంటున్నానక్కా. ఆ సీసం నీ పాలలోకే వస్తుంది."

చామంతి తొట్టిలోంచి మూతి ఎత్తింది. అప్పుడే దూడ తోకెత్తుకుని పొదుగు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పులుల మందను ఒంటికొమ్ముతో తరిమిన చామంతి, మొదటిసారి తన దూడను కాలితో తన్నింది.

దూడ ఏడుస్తూ మళ్లీ వచ్చింది. చామంతి మళ్లీ తన్నింది.